కౌన్సిల్ వాళ్ళొచ్చారు, చప్పుడు చెయ్యొద్దు

బెరిల్ హెప్‌వర్త్‌ని పిరికిదంటే లార్క్ హిల్‌లో ఎవరూ నమ్మరు. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు రోజుకి మూడొందలమంది పిల్లలకి వండి వార్చిన మనిషి. సలసలా కాగే కస్టర్డ్ గంగాళాన్ని ఒక్కతే ఎత్తి వంచేది. గని సమ్మె జరిగిన ఏడాది, పోలీసు గుర్రాలు బుసకొడుతుంటే వాటి ముట్టెల ముందే నిలబడి జనానికి సూప్ పోసింది. ఎలకంటే భయంలేదు, డాక్టరంటే భయంలేదు, చావంటే కూడా పెద్దగా లేదు. ఉన్న భయమల్లా ఒక్కటే. గుమ్మంలో చాపమీద గోధుమరంగు కవరు పడి, దాని మూల ఊరి పాలన చూసే హావర్‌షా కౌన్సిల్ ముద్ర కనిపిస్తే చాలు, ఆవిడకి నోట్లో తడారిపోయేది.

అది తల్లి దగ్గర్నించి వచ్చిన ఆస్తి.

1953లో వాళ్ళు ఉన్నిమిల్లు వెనక రెండు గదుల కొంపలో ఉండేవాళ్ళు. ఎనిమిది కుటుంబాలకి ఒకటే మరుగుదొడ్డి, ఒకటే కుళాయి. లార్క్ హిల్ కొండమీద కౌన్సిల్ కొత్త ఇళ్ళు కడుతోంది, స్నానాలగదితో సహా ఇస్తోంది అనేసరికి వీధంతా అర్జీ పెట్టుకుంది. ఇల్లు ఇచ్చేముందు కౌన్సిల్ నించి టోపీ పెట్టుకున్న ఒకావిడ వచ్చి, ఉన్న కొంపని ఎంత శుభ్రంగా ఉంచుకుంటున్నారో చూసి మార్కులు వేసేది. దుప్పట్లు ఎత్తి చూసేది, పొయ్యి తలుపు తీసి చూసేది, పిల్లల చెవుల వెనక కూడా చూసేది. చూసి పుస్తకంలో మంచి, ఫర్వాలేదు, బాగాలేదు అని మూడింట్లో ఒకటి రాసుకుని వెళ్ళేది. మొదటి రెండింట్లో ఏది వచ్చినా కొండమీద ఇల్లు. మూడోది వస్తే గ్యాసు ఫ్యాక్టరీ పక్కన పాత ఇళ్ళు.

బెరిల్ తల్లికి మంచాలమీదికి సరిపడా దుప్పట్లు లేవు. పక్కింటి మిసెస్ క్లెగ్ రెండు తెల్లదుప్పట్లు అరువిచ్చింది. టోపీ ఆవిడ వచ్చింది, చూసింది, 'మంచి' అని రాసుకుంది. ఆ తరవాత ఇంకో వీధికి వెళ్తుందనుకుంటే సరాసరి పక్కింటి తలుపు కొట్టింది. దుప్పట్లేమో ఇక్కడే ఉన్నాయి. క్లెగ్ వాళ్ళకి 'బాగాలేదు' వచ్చింది. ఆరుగురు పిల్లలతో వాళ్ళు గ్యాసు ఫ్యాక్టరీ పక్కకి పోయారు, వీళ్ళు కొండమీదికి పోయారు.

ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ ఆ తల్లి కౌన్సిల్ మనిషిని గడప లోపలికి రానివ్వలేదు. తలుపు చప్పుడైతే చాలు, "కౌన్సిల్ వాళ్ళొచ్చారు, చప్పుడు చెయ్యొద్దు" అని పిల్లలందర్నీ సోఫా వెనక నేలమీద బోర్లా పడుకోబెట్టేది. వాళ్ళు కళ్ళతో చూసింది పుస్తకంలోకి ఎక్కుతుంది, పుస్తకంలోకి ఎక్కింది ఇంటిమీదికి వస్తుంది. ఆవిడ లెక్క అది.

పెళ్ళయ్యాక బెరిల్‌కీ, నార్మన్‌కీ అదే కొండమీద పద్నాలుగో నంబరు దొరికింది. నలభై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లోనే కాపరం. కాగితం ప్రకారం ఇల్లు కౌన్సిల్‌ది. కానీ పదిహేను రోజులకోసారి కిటికీల పల్చటి తెరలు ఉతికేదీ, గడప రాయి మోకాళ్ళమీద కూచుని తోమేదీ బెరిల్. ఎప్పుడెవరొచ్చి పుస్తకం తెరుస్తారో అన్నట్టే ఉండేది ఆ తోముడు.

నార్మన్ ఇరవై ఏడేళ్ళు బొగ్గుగనిలో పనిచేశాడు. గని మూసేశాక అతనికి మిగిలినవి రెండు. పెరట్లో చెక్కగూట్లో పందెం పావురాలు, ఛాతీలో దుమ్ము. పావురాలు బాగానే ఉండేవి. ఛాతీయే ఏటేటా తీసికట్టు. పొద్దున్నపూట గూడు దగ్గర గడిపి, తక్కిన రోజంతా ముందుగదిలో గ్యాసు కుంపటి ముందు కుర్చీ వేసుకుని కూచునేవాడు. కుంపటికి పక్కగా, గోడ కింది భాగంలో, గాలి రావడానికని కట్టినప్పుడే పెట్టిన చిల్లుల ఇటుక ఒకటుంది. లార్క్ హిల్‌లో ప్రతి ఇంటికీ ఉంది. దాన్ని తిట్టనివాళ్ళు లేరు.

"సైబీరియా అంతా ఈ ఒక్క కన్నంలోంచే నా పిక్కలమీదికి వస్తోంది, పిల్లా" అనేవాడు నార్మన్. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళాన్ని పిల్లా అనే పిలిచేవాడు.

2008 నవంబరులో అతనికి ఛాతీ పట్టేసి పదిరోజులు మంచం దిగలేదు. దిగినరోజే ఆ కన్నంలో పాత మేజోళ్ళు కుక్కి, పైన చెక్క కొట్టి, అటకమీద మిగిలిన గోడకాగితం అతికించేశాడు. దానికి అడ్డంగా ఇద్దరూ కలిసి పింగాణీ సామాన్ల అల్మరా జరిపారు. జిగురు కలిపి ఇచ్చింది బెరిలే. ఇలా చెయ్యచ్చా అని ఒకమాట అడక్కపోలేదు. ఇల్లు వాళ్ళదే కానీ పిక్కలు నావి కదా అన్నాడు. నిజానికి ఆ కొండమీద చలికాలమంటేనే కన్నాలు మూసే కాలం. ఎదురింటి పాలీన్ డకెట్ తన కన్నంలో యువరాజుగారి పెళ్ళినాటి పేపర్లు కుక్కింది. అవి మళ్ళీ తియ్యనేలేదు, పెళ్ళే నిలవలేదు పేపర్లెందుకు తియ్యాలి అనేది.

ఫిబ్రవరిలో కవరు వచ్చింది.

ఏటా వచ్చేదే. గ్యాసు మనిషి వచ్చి కుంపటీ, దాని వెనక నీళ్ళు కాగే డబ్బా చూసి వెళ్తాడని. ఏటా బెరిల్ రెండ్రోజులు ముందునించీ ఇల్లంతా తోమి, గుండె గుప్పిట్లో పెట్టుకుని తలుపు తీసేది. ఈసారి ఉత్తరం తీరే వేరుగా ఉంది. టౌన్‌హాల్‌లో కొత్త విభాగమేదో పెట్టారట. రానివ్వకపోవడం అద్దె ఒప్పందాన్ని ఉల్లంఘించడమేననీ, ఉల్లంఘనలుంటే ఇల్లు స్వాధీనం చేసుకునే చర్యలకి దారితీయవచ్చనీ రాశారు. బెరిల్ సొరుగులోంచి ఒప్పందం పుస్తకం తీసింది. నలభై ఏళ్ళలో మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఇంట్లో ఏ మార్పూ చెయ్యకూడదు, అని ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ కళ్ళు సరాసరి అల్మరా మీదికి పోయాయి.

తీసెయ్యచ్చుగా అంటారు. ఆవిడా అదే అనుకుంది. చెక్క పీకితే గోడకాగితం చిరుగుతుంది. ఆ పూల కాగితం కొట్లల్లో రావడం మానేసి పదేళ్ళయింది. చిరుగు కనబడితే గ్యాసు మనిషి ఇదేంటని అడుగుతాడు, అడిగింది రాసుకుంటాడు. ఎండలొచ్చాక నెమ్మదిగా గదంతా కొత్త కాగితం వేసేద్దాంలే అన్నాడు నార్మన్. అతను లేనప్పుడు ఒకసారి అల్మరా జరపబోయింది. లోపల అత్తగారి టీ కప్పులు గలగలమన్నాయి తప్ప అల్మరా అంగుళం కదల్లేదు.

సరిగ్గా అప్పట్నించే తలనొప్పి పట్టుకుంది.

మాడుమీద ఎవరో బండ పెట్టి నొక్కుతున్నట్టుండేది. కడుపులో తిప్పేది. టీవీ చూస్తూ చూస్తూ కూచున్నచోటే తూగిపోయేది. విచిత్రమేమిటంటే, శుక్రవారం సంతకి వెళ్ళి చేపల కొట్టు ముందు వరసలో నిలబడితే పావుగంటలో తల తేలిపోయేది. ఇంటికొచ్చి కోటు విప్పి కుంపటి దగ్గర కూచోగానే మళ్ళీ మొదలు. ఇంకేముంది, ఉత్తరం ఇంట్లో ఉంది కాబట్టి నొప్పి ఇంట్లో ఉందని తేల్చుకుంది. పాలీన్‌తో చెప్పుకుంటే, "అది నరాలు, బంగారం. భయం నరాల్లోకి దిగితే అంతే. మా చెల్లెలు విడాకులప్పుడు ఇంతే, గోడలకేసి మాట్లాడేది" అని ధైర్యం చెప్పింది. ధైర్యం అలా చెప్పినా, పోయేముందు చుట్టూ ఒకసారి చూసి, మీ ముందుగది భలే వెచ్చగా ఉంటుందే అంది.

మొదటి మంగళవారం గ్యాసు మనిషి వచ్చి తలుపు కొట్టాడు. బెరిల్ మెట్లమీద ఊపిరి బిగబట్టి కూచుంది. మీరు ఇంట్లో లేరు కాబట్టి వెళ్తున్నాం అని కార్డు వేసి వెళ్ళాడు. రెండో మంగళవారం రెండో కార్డు. ఆ తరవాత వచ్చిన ఉత్తరంలో అక్షరాలు ఎర్రగా ఉన్నాయి. అందులో కోర్టు అనే మాట ఉంది. బెరిల్ దాన్ని నార్మన్‌కి చూపించలేదు. ఛాతీ మనిషి, దిగులు పెట్టుకుంటాడని. రొట్టెల డబ్బా కింద దాచింది. పొద్దున టీ పెట్టేటప్పుడల్లా ఆ డబ్బాకి వీపు తిప్పి నిలబడేది. రోడ్డుమీద వ్యాను ఆగితే పై ప్రాణాలు పైనే పోయేవి. పాలవాడి సీసాల చప్పుడుకి కూడా ఉలిక్కిపడేది. ఈ వయసులో, ఇంత ఛాతీతో, ఈయన్ని తీసుకుని ఎక్కడికి పోవాలి? పావురాల్ని ఎవరు రానిస్తారు? ఆ ప్రశ్నలకి జవాబుగా ఆవిడకి కళ్ళముందు ఒక్కటే కనిపించేది. నెత్తిన మూటలతో గ్యాసు ఫ్యాక్టరీ వైపు నడిచిపోతున్న మిసెస్ క్లెగ్ పిల్లలు.

మార్చి పదిహేడు, మంగళవారం, పదికీ పన్నెండుకీ మధ్య ఆఖరి సారి వస్తామని ఎర్ర ఉత్తరం చెప్పింది.

ఆ పొద్దున్నే వడగళ్ళు పడుతున్నాయి. నార్మన్ పావురాల దగ్గరికి వెళ్ళాడు. బయటినించి వణుక్కుంటూ వస్తాడని బెరిల్ కుంపటి పూర్తిగా పెంచింది. తొమ్మిదిన్నరకే తెరలు దగ్గరికి లాగేసింది, టీవీ కట్టేసింది, గడియ వేసింది. గుమ్మం గాజులోంచి నీడ కనబడుతుందేమోనని కుర్చీలోంచి లేచి, అరవై నాలుగేళ్ళ మనిషి, సోఫా వెనక నేలమీద బోర్లా పడుకుంది. చెంపకి తివాచీ గుచ్చుకుంటోంది. తల పగిలిపోతోంది. కాసేపటికి ఆ నొప్పి కూడా ఎక్కడో పక్కగదిలో ఉన్నట్టనిపించింది. వెచ్చగా, హాయిగా ఉంది. భయం మాత్రం అలాగే ఉంది, కానీ అది కూడా మెత్తబడింది.

వ్యాను ఆగింది. గేటు కిర్రుమంది. తలుపు మూడుసార్లు కొట్టాడు.

బెరిల్ కదల్లేదు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. ఆ తరవాత తలుపులో ఉత్తరాలు వేసే సందు మూత ఎత్తిన చప్పుడైంది. వంగి లోపలికి మాట్లాడుతున్నాడు. తనపేరు డీన్ అనీ, ఒక్క పావుగంట పనేననీ, వడగళ్ళకి తడిసిపోతున్నాననీ చెబుతున్నాడు. ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. బెరిల్ కాళ్ళు దగ్గరికి తీసుకుందామనుకుంది. కాళ్ళు రాలేదు. నిద్ర వస్తోంది, అంతే అనుకుంది.

అప్పుడే నార్మన్ వెనకతలుపులోంచి వంటింట్లోకి వచ్చాడు. గాలీ చలీ వెంటేసుకుని ముందుగదిలోకి అడుగుపెట్టి, సోఫా వెనక రెండు కాళ్ళు చూశాడు. పడిపోయిందనుకుని వచ్చి వంగాడు. బెరిల్ నోటిమీద వేలు పెట్టుకుని, కౌన్సిల్ వాళ్ళు అని గొణిగింది. నార్మన్ ఆ మాట విన్లేదు. ఆవిడ మొహం చూస్తున్నాడు. నెలరోజులుగా సున్నంలా పాలిపోయి ఉన్న మొహం, బుగ్గలు చెర్రీపళ్ళలా, పదహారేళ్ళ పిల్లలా నిగనిగలాడుతోంది.

నార్మన్ ఆ రంగు అంతకుముందు ఒక్కసారే చూశాడు. డెబ్భై మూడులో, గనిలో పేలుడు తరవాత లోపలికి దిగిన జట్టులో అతనున్నాడు. ఒక మలుపులో ఇద్దరు కుర్రాళ్ళు గోడకి జేరబడి కూచున్నారు. పని మధ్యలో కునుకు తీస్తున్నట్టున్నారు. మొహాలు కళకళ్ళాడుతున్నాయి. లేవండిరా అని భుజం తట్టాడు కూడా. ఆ సంగతి అతను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

నార్మన్ వంగి కుంపటి మీట తిప్పి ఆర్పేశాడు. తెర లాగి కిటికీ నెట్టాడు. ఆ రెండు పనులకే ఊపిరి అయిపోయింది, సోఫా చేతిమీద కూలబడిపోయాడు. ఎంతో కష్టంమీద మాట కూడదీసుకున్నాడు.

"బెరిల్. తలుపు తియ్యి."

పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో అతను పేరుపెట్టి పిలిచింది వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. బెరిల్ తల అడ్డంగా ఊపింది. చూస్తారు, రాసుకుంటారు, ఇల్లు పోతుంది అని ఏదో అంది. మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"పోనీ. ఇది గని గాలి, పిల్లా. నేనే తెచ్చిపెట్టాను ఇంట్లోకి. నా కాళ్ళు రావట్లేదు. పాకు."

భర్త కళ్ళల్లో బెరిల్‌కి భయం కనిపించింది. గని మూసినప్పుడు చూడలేదు, డాక్టరు ఎక్స్‌రే చూపించినప్పుడు చూడలేదు. అది చూసేసరికి ఇల్లు పోతుందన్న భయం కంటే పెద్ద భయం ఒకటి పుట్టుకొచ్చింది ఆవిడకి. పాకింది. సోఫా నించి గుమ్మందాకా పన్నెండడుగులు. మధ్యలో రెండుసార్లు తల తివాచీకి ఆన్చి కళ్ళు మూసుకోబోయింది. రెండుసార్లూ వెనకనించి నార్మన్ దగ్గు వినిపించింది. మోకాళ్ళమీద లేచి పై గడియకోసం చెయ్యి చాపితే వేళ్ళు కొయ్యముక్కల్లా ఉన్నాయి. గడియ జారింది. తలుపు దానంతటదే లోపలికి తెరుచుకుని ఆవిడ చేతులమీద వడగళ్ళు పడ్డాయి.

డీన్ అనే ఆ మనిషి ఇంకేమీ అడగలేదు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళని భుజాలకింద చేతులు వేసి వాకిట్లోకి లాగాడు. వడగళ్ళలోనే కూచోబెట్టి, తన కోటు ఇద్దరిమీదా కప్పి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. పాలీన్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఆసుపత్రిలో ముక్కుకి ప్రాణవాయువు గొట్టం పెట్టి ఆ రోజంతా ఉంచారు. ఇంకో అరగంట గడిచుంటే ఈవిడతో మాట్లాడేవాళ్ళం కాదు అని డాక్టరు నార్మన్‌తో అన్నాడు. నార్మన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరవాత తెలిసిందేమిటంటే, పొగగొట్టంలో కాకులు గూడు కట్టి సగం పూడ్చేశాయి, సరిగ్గా మండని గ్యాసు విషవాయువై గదిలోనే నిలిచిపోయింది. చిల్లుల ఇటుక తెరిచి ఉంటే అయినా కొంత ఊపిరాడేది. మొదటి మంగళవారమే తలుపు తీసుంటే ఆ గూడు ఆ రోజే బయటపడేది.

ప్రాణం దక్కింది సరే. ఇల్లు?

మర్నాడు ఇంటికి తిరిగొచ్చేసరికి కుంపటి మీద వాడరాదు, ప్రమాదం అని ఎర్ర చీటీ అతికించి ఉంది. అల్మరా పక్కకి జరిపి ఉంది. గోడ పూలకాగితం చింపేసి ఉంది. నార్మన్ మేజోళ్ళు నేలమీద వరసగా సాక్ష్యాల్లా పడున్నాయి. బెరిల్ కోటైనా విప్పకుండా వెళ్ళి పాత పేపర్లు తెచ్చి, అత్తగారి టీ కప్పులు ఒక్కొక్కటే చుట్టి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. నార్మన్ ఎంత చెప్పినా వినలేదు. వాళ్ళు వచ్చి బయటికి పొమ్మన్నాక హడావుడిగా సర్దితే పగులుతాయంది.

మధ్యాహ్నం టౌన్‌హాల్ నించి ఒకమ్మాయి వచ్చింది. రుబీనా చౌధ్రీ. ఆ కొండమీది ఇళ్ళ బాధ్యత ఆమెది. బెరిల్ ఈసారి తలుపు తీసింది, ఇంక దాచడానికేముంది గనక. రుబీనా లోపలికొచ్చి, సగం ఖాళీ అయిన అల్మరా చూసింది. పెట్టెలు చూసింది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా, మిసెస్ హెప్‌వర్త్?"

"అది మీరు చెప్పాలి, తల్లీ. ఎన్ని రోజులు టైమిస్తారు?"

రుబీనాకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె అక్కడున్న పెట్టెమీదే కూచుండిపోయింది. కన్నం మూసినందుకు ఎవరి ఇల్లూ తీసుకోరని చెప్పింది. రెండోసారి కూడా చెప్పింది. బెరిల్ నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి రొట్టెల డబ్బా ఎత్తి, రెండు ఉత్తరాలూ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. రుబీనా రెండూ చదివింది. మొదటిది మళ్ళీ చదివింది. చదువుతుంటే ఆమె మెడ దగ్గర ఎర్రబడింది.

"ఇవి మా ఆఫీసు నించి వెళ్ళేవే. వారానికి వందలు వెళ్తాయి. నిజం చెప్పాలంటే నేనెప్పుడూ పూర్తిగా చదవలేదు."

"నేను చదివాను, రోజూ చదివాను" అంది బెరిల్. "ఇల్లు పోతుందని అయిదుచోట్ల ఉంది. మనిషి పోతాడని ఒక్కచోటైనా లేదు. ప్రాణాలకోసం వస్తున్నామని రాసుంటే తియ్యనా నేను తలుపు?"

రుబీనా కాగితాలు మడిచింది. ఆ ఉత్తరాలు తీసుకెళ్ళచ్చా అని అడిగింది. ఆ వారంలోనే కరెంటు హీటర్లు వచ్చాయి, నెల తిరక్కుండా కొత్త బాయిలరు వచ్చింది. అది తన గాలి తనే బయటినించి పీల్చుకుంటుంది, కన్నంతో పని లేదు. గోడ పూడ్చి సున్నం వేశారు. ఇంత చేసినా, పెట్టెలోంచి టీ కప్పులు తియ్యడానికి బెరిల్‌కి మే నెల దాకా ధైర్యం రాలేదు.

జూన్‌లో రుబీనా మళ్ళీ వచ్చింది. ఆ ఏడాది లార్క్ హిల్‌లో గ్యాసు మనిషికి తలుపు తియ్యని ఇళ్ళు నలభై మూడు ఉన్నాయట. సేవలు ఎలా బాగుచెయ్యాలో అద్దెకున్నవాళ్ళనే కూచోబెట్టి అడుగుదామని కౌన్సిల్ అనుకుంటోంది, మీరు రావాలి అంది. బెరిల్ రానంది. టౌన్‌హాల్ మెట్లెక్కడం తనవల్ల కాదంది. నార్మన్ ఊరుకోలేదు. వెళ్ళమని చెప్పాడా అంటే అదీ లేదు. ఆ మలుపులో కూచున్న ఇద్దరు కుర్రాళ్ళ సంగతి మొదటిసారి చెప్పాడు. పేర్లతో సహా చెప్పాడు. ఆ పేర్లు విన్నాక బెరిల్ బయల్దేరడానికి టోపీ తీసుకుంది.

టౌన్‌హాల్‌లో పొడుగాటి బల్ల. ఇటు అద్దెవాళ్ళు ఏడుగురు, అటు ఆఫీసువాళ్ళు అయిదుగురు, వాళ్ళల్లో ఒకాయన లాయరు. అందరిముందూ నీళ్ళగ్లాసులు. బెరిల్ తన గ్లాసు ముట్టుకోలేదు. ఉత్తరం ఎలా ఉండాలో తను రాసుకొచ్చిన కాగితం మాత్రం రుబీనా చేతిలో పెట్టింది. బడిలో పిల్లల తల్లులకి భోజనాల చీటీలు రాసినట్టే రాసింది. రుబీనా పైకి చదివింది.

మా మనిషి మంగళవారం వస్తాడు. అతని పేరు డీన్. మీ గ్యాసు సరిగ్గా మండకపోతే, ఆ గాలికి వాసన ఉండదు, తలనొప్పిలా మొదలై నిద్రలా ముగుస్తుంది. అది చూడ్డానికే వస్తున్నాడు. ఇల్లు చిందరవందరగా ఉన్నా ఫర్వాలేదు. మీరేదైనా మూసేసి ఉంటే అతనే తెరుస్తాడు. దానికోసం ఎవర్నీ ఇల్లు ఖాళీ చెయ్యమనం.

లాయరు మర్యాదస్తుడే. అంతా బాగుంది కానీ ఆ ఆఖరి వాక్యం కుదరదన్నాడు. అది కౌన్సిల్ ఇచ్చే హామీ అయిపోతుంది, రేపు ఎవరైనా గోడ మొత్తం కూలగొట్టి ఈ కాగితం చూపిస్తారు అని వివరించాడు. ఆఖరి వాక్యం తీసేసి మిగతాది ఉంచుదామన్నాడు. బల్లకి అటువైపు తలలు ఊగాయి.

బెరిల్ లేవలేదు. కూచునే అడిగింది.

"మా కన్నం చూశారు మీరు. మీ దగ్గర ఫోటోలున్నాయి. మమ్మల్ని ఖాళీ చేయించేవారా, బాబూ?"

ఎంతమాత్రం లేదన్నాడు లాయరు.

"మరి ఆ మాట ఇక్కడ ఇంత తేలిగ్గా వస్తోంది కదా. కాగితంమీదికి ఎందుకు రాదు?"

బెరిల్ తలదించుకుంది. ఇప్పుడు రాసుకుంటారు, నా పేరు రాసుకుంటారు అనుకుంది. లాయరు నిజంగానే కలం తీశాడు. కాగితం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. ఆ వాక్యంలో ఒక మాట కొట్టి, మూడు మాటలు చేర్చి బల్లమీదుగా ఆవిడవైపు జరిపాడు. గాలి కన్నాలు మూసినందుకు ఎవర్నీ ఇల్లు ఖాళీ చెయ్యమనం, అని ఉంది. కోర్టు సంగతులన్నీ రెండో పేజీకి వెళ్ళాయి.

మరుసటి ఫిబ్రవరిలో కొండమీద ప్రతి ఇంటికీ ఆ ఉత్తరమే వెళ్ళింది. పాలీన్ దాన్ని చదివి, యువరాజుగారి పెళ్ళి పేపర్లు తనే పీకి, డీన్ వచ్చేసరికి గుమ్మంలో పెట్టి, ముందు టీ తాగి తరవాత తిట్టు బాబూ అంది. అలాగే చాలా ఇళ్ళల్లో జరిగింది. అయినా, ఆ కవరు చాపమీద పడ్డప్పుడు బెరిల్ దాన్ని తియ్యకముందే గడప రాయి తోమింది. తన మాటలే తనకి వచ్చాయి, అయినా తోమింది. అది పోయే భయం కాదు.

మార్చి చివర్లో రుబీనా ఫోన్ చేసి లెక్క చెప్పింది. తలుపు తియ్యని ఇళ్ళు నలభై మూడు పోయి ఆరు మిగిలాయట. నంబర్లు చదవమంది బెరిల్. ఆరింటిలో నాలుగిళ్ళవాళ్ళు ఆవిడకి తెలుసు. ముప్ఫై ఒకటో నంబరులో ఉండే ముసలావిడ రెండు వారాలుగా సంతకి కూడా రావడంలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. గుండె దడదడలాడుతుండగానే ఫోన్ పెట్టేసి, నార్మన్‌కి ఒక కేకేసి, ముప్ఫై ఒకటో నంబరు తలుపు కొట్టడానికి కోటు వేసుకుంది.